గ్రిమ్ ఫాండాంగో

గ్రిమ్ ఫాండాంగో మృతుల లోకంలో సాగే అడ్వెంచర్ వీడియో గేమ్. కాలిఫోర్నియాకు చెందిన లూకాస్‌ఆర్ట్స్ సంస్థ దీన్ని 1998 అక్టోబరులో విండోస్ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. దర్శకుడు, ప్రధాన రచయిత టిమ్ షేఫర్. సంగీతం పీటర్ మెకానెల్ సమకూర్చాడు. పాత్రల, ప్రదేశాల తొలి ఊహాచిత్రాల్లో ఎక్కువ భాగం పీటర్ చాన్ గీశాడు. మెక్సికో ప్రజలు నవంబరు మొదట్లో జరుపుకునే మృతుల పండుగ, ఆజ్‌టెక్ జాతి పరలోక విశ్వాసాలు, 1940ల నాటి హాలీవుడ్ నేరకథా చిత్రాలు, ఈ మూడూ దీనిలో ఒక్క లోకంగా కలిసిపోయాయి. వచ్చిన కొత్తలో పత్రికలు ఆకాశానికెత్తాయి గాని అమ్మకాలు నిరాశపరిచాయి. అయినా వీడియో గేమ్ కూడా రచనగా నిలబడగలదని చెప్పవలసి వచ్చినప్పుడు ఈనాటికీ ముందుగా ప్రస్తావనకు వచ్చే కొద్ది పేర్లలో ఇదొకటి.

మృతుల లోకం

ఈ ఆటలో మరణించిన వ్యక్తి నేరుగా విశ్రాంతిధామానికి చేరడు. ముందు ఎనిమిదో పాతాళంలో కళ్లు తెరుస్తాడు. అక్కడి నుంచి తొమ్మిదో పాతాళం దాకా ప్రయాణించాలి. కాలినడకన అయితే దానికి నాలుగేళ్లు పడుతుంది. దారిలో అడవి, ఎడారి, సముద్రం ఉంటాయి. బతికి ఉండగా సత్ప్రవర్తనతో మెలిగినవారికి మాత్రం నంబర్ నైన్ అనే రైలులో టికెట్ దొరుకుతుంది. ఆ రైలు నాలుగేళ్ల దూరాన్ని నాలుగు నిమిషాల్లో దాటిస్తుంది. ఈ రెంటికీ మధ్య ఓడ ప్రయాణం, స్పోర్ట్స్ కారు వంటి అంతస్తులున్నాయి. నురుగు నింపిన శవపేటికలో పెట్టి పార్సిల్‌గా పంపే ఏర్పాటూ ఉంది. ఏమీ మిగుల్చుకోనివాడి చేతికి వచ్చేది పిడిలో దిక్సూచి అమర్చిన చేతికర్ర ఒక్కటే.

ఈ కేటాయింపులన్నీ మృత్యు శాఖ అనే కార్యాలయంలో జరుగుతాయి. పొడవాటి పిడి ఉన్న కొడవలి పట్టుకుని, నల్లటి ముసుగు ధరించిన యమదూత ఇక్కడ ఒక ట్రావెల్ ఏజెంట్. భూలోకానికి వెళ్లి, ఆత్మను వెంటబెట్టుకొచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ల పాపపుణ్యాల లెక్కను బట్టి ఏ ప్రయాణానికి అర్హులో చూసి అమ్మడం అతడి పని. మంచివాళ్లకు మంచి టికెట్ అమ్మితే కమిషన్ ఎక్కువ. ఈ ఏజెంట్లు స్వతంత్రులు కారు. బతికి ఉన్నప్పుడు చేసినదానికి అప్పుపడి, అది తీరేదాకా ఉద్యోగంలో కట్టుబడినవారు. తెలుగు పాఠకుడికి చిత్రగుప్తుడి చిట్టా గుర్తుకు వస్తే అది సహజమే. ఒక్క తేడా ఉంది. చిత్రగుప్తుడి పద్దు తప్పడం మన పురాణాల్లో అరుదు, ఈ ఆటలో కథంతా ఆ పద్దును దొంగలు దిద్దడం మీదే నడుస్తుంది.

ఇక్కడివారంతా అప్పటికే చనిపోయినవారు కాబట్టి మళ్లీ చావడం అంటూ ఉండకూడదు. రచయితలు దానికీ ఒక రూపం కనిపెట్టారు. స్ప్రౌటెల్లా అనే రసాయనం ఎముకకు తగిలితే అక్కడి నుంచి పూలమొక్కలు మొలిచి, నిమిషాల్లో అస్థిపంజరాన్ని పూల పొదగా మార్చేస్తాయి. తుపాకీ గుండ్లలో నింపి పేల్చే ఆయుధం అది. మృతుల పండుగలో సమాధుల మీద పరిచే బంతిపూలను ఎరిగినవారికి ఈ హత్యలు అందంగానూ భయంకరంగానూ కనిపిస్తాయి. ఈ లోకంలో జీవం అంటేనే మృత్యువు.

కథ

కథ నాలుగు అంకాలుగా నడుస్తుంది. ప్రతి అంకమూ ఒక నవంబరు 2వ తేదీన, అంటే మృతుల పండుగ రోజున జరుగుతుంది. అంకానికీ అంకానికీ మధ్య ఏడాది గడిచిపోతుంది. ఆత్మ ప్రయాణానికి పట్టే నాలుగేళ్లనే కథా నిర్మాణానికి కొలతగా తీసుకున్న ఈ ఏర్పాటు చాలా తెలివైనది. మధ్య కాలంలో ఏం జరిగిందో ఆట చెప్పదు. తెర మళ్లీ లేచేసరికి మనుషుల స్థితిగతులు మారిపోయి ఉంటాయి, ఆ మార్పును ఆటగాడు కొత్త గదుల్లో తిరుగుతూ తానే తెలుసుకోవాలి.

కథానాయకుడు మాన్యుయెల్ కాలవేరా, అందరికీ మానీ. ఎల్ మారో నగరంలోని మృత్యు శాఖలో ఏజెంటు. చాలాకాలంగా అతడి వాటాకు పనికిమాలిన ఖాతాదారులే వస్తున్నారు. పక్క గదిలోని డొమినో హర్లీకి మాత్రం వరసగా పుణ్యాత్ములే దొరుకుతున్నారు. విసిగిపోయిన మానీ, కార్యాలయంలో గాలి ఒత్తిడితో కాగితాలను మోసుకుపోయే గొట్టాల వ్యవస్థను చెడగొట్టి, డొమినోకు రావలసిన ఒక ఖాతాదారును దొంగిలిస్తాడు. ఆమె మెర్సెడెస్ కొలోమార్, ముద్దుపేరు మెచే. జీవితమంతా పరోపకారంలో గడిపిన మనిషి. ఆమెకు నంబర్ నైన్ టికెట్ రాసిపెట్టి ఉండాలి, కాని కంప్యూటర్ ఏమీ లేదంటుంది. మానీ ఆ సంగతి ఆరా తీసేలోపు ఆమె నడక మొదలుపెట్టి వెళ్లిపోతుంది.

మానీ తవ్వగా బయటపడేది ఒక ముఠా. డొమినో, పై అధికారి డాన్ కోపల్, వారందరి వెనుక ఉన్న హెక్టర్ లెమాన్స్ కలిసి పుణ్యాత్ముల టికెట్లను కాజేసి, డబ్బున్న పాపులకు అమ్ముకుంటున్నారు. వీరి మీద పోరాడుతున్న రహస్య దళం ఒకటుంది. దాని నాయకుడు సాల్వడార్ లిమోనెస్. అతడి సాయంతో మానీ నగరం నుంచి తప్పించుకుని, మెచేను వెతుక్కుంటూ శిలాజ అరణ్యం దాటి రుబకావా అనే రేవు పట్టణం చేరతాడు. అతడి వెంట గ్లాటిస్ ఉంటాడు. నారింజ రంగులో, కారులో పట్టనంత భారీగా ఉండే ఈ జీవి చనిపోయిన మనిషి కాదు. వాహనాలు నడపడం, బాగుచేయడం కోసమే ఆ నేల సృష్టించిన భూతం. వేగం లేకపోతే జబ్బుపడతాడు. మొదటి అంకం చివర మానీ ఆ పట్టణంలో ఒక ఫలహారశాలలో నేల తుడిచే పనికి కుదురుతాడు. రెండో అంకం తెరుచుకునేసరికి అదే చోట పెద్ద నైట్‌క్లబ్బుకు యజమాని అయి, తెల్లకోటు తొడుక్కుని నిలబడి ఉంటాడు.

రుబకావా అంకం ఈ ఆటకు గుండెకాయ. రాత్రి, పొగమంచు, సముద్రం, లైట్ల వెలుగు. పిల్లుల పందేల మైదానం, కవిత్వం చదివే నేలమాళిగ క్లబ్బు, శవపరీక్షల గది, రేవులో సమ్మె చేస్తున్న కార్మికులు. ఆ కార్మికులు తేనెటీగలు, వాళ్ల నాయకుడి పేరు టెర్రీ మలాయ్. 1954 నాటి ఆన్ ద వాటర్‌ఫ్రంట్ చిత్రంలో మార్లన్ బ్రాండో పోషించిన రేవు కార్మికుడి పేరది. జూదగాడు, వంకర లాయరు, క్లోక్‌రూమ్‌లో కోట్లు తీసుకునే అమ్మాయి, మంచి మాటకారి క్లబ్బు యజమానురాలు ఒలీవియా ఒఫ్రెండా, ఇలా ప్రతి ఒక్కరికీ ఒక బతుకు, ఒక లెక్క ఉంటాయి. పజిళ్లు కూడా ఆ మనుషుల కోరికల నుంచీ భయాల నుంచీ పుడతాయి. దొంగ టికెట్లు ఎవరు తయారు చేస్తున్నారో, ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో ఆటగాడు పట్టణమంతా తిరిగి పోగుచేసుకోవాలి. అడ్వెంచర్ గేముల చరిత్రలో ఇంత జనసాంద్రత గల ఊరు మరొకటి చూపించడం కష్టం.

రుబకావాలో మెచే ఓడ ఎక్కి వెళ్లిపోవడం చూసి మానీ మరో ఓడలో కూలీగా చేరి వెంబడిస్తాడు. మూడో అంకానికి ఆ ఓడకే కెప్టెన్ అవుతాడు. ఓడ మునిగి, సముద్రగర్భాన నడిచి, లోకపు అంచున ఉన్న పగడాల గనికి చేరతాడు. అక్కడ డొమినో దొంగిలించిన ఆత్మలతో వెట్టిచాకిరి చేయిస్తుంటాడు. అతడి అంతం అక్కడే. నాలుగో అంకంలో మానీ, మెచే, గ్లాటిస్ మిగిలిన ఆత్మలతో తొమ్మిదో పాతాళపు ద్వారం దాకా వెళ్లినా, టికెట్లు లేక తిరిగి ఎల్ మారోకే రావలసి వస్తుంది. ఆ నగరం ఇప్పుడు జూదపు దీపాలతో న్యువో మారోగా మారి, హెక్టర్ చేతిలో ఉంటుంది. డబ్బిచ్చి టికెట్లు కొన్న పాపులను తీసుకెళ్తున్న రైలు దారి మధ్యలోనే భూతంగా మారి నరకంలోకి దూకే దృశ్యం ఈ అంకంలోనే ఉంది. సాల్వడార్ తన ప్రాణాన్ని బలిపెడతాడు. చివరి పోరు హెక్టర్ పూలతోటలో జరుగుతుంది. ఆ తోటలో పూచినవన్నీ అతడు చంపినవారే. టికెట్లు వాటి అసలు హక్కుదారులకు చేరాక, మానీకి కూడా ఒకటి దక్కుతుంది. అతడు మెచేతో రైలెక్కుతాడు, మనిషి కానందున గ్లాటిస్ వెనకే ఉండిపోతాడు. మానీ బతికి ఉండగా చేసిన తప్పేమిటో ఆట చివరిదాకా చెప్పదు. ఆ మౌనం సరైన నిర్ణయం. అప్పు ఎంతో తెలియకపోయినా అది తీర్చిన తీరును ఆటగాడు కళ్లారా చూశాడు.

మూలాలు

షేఫర్ 1989లో అప్పటి లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో చేరాడు. మంకీ ఐలాండ్ ఆటల్లో రచయితగా, ప్రోగ్రామర్‌గా పనిచేసి, 1993లో డే ఆఫ్ ద టెంటకిల్‌కు డేవ్ గ్రాస్‌మన్‌తో కలిసి సారథ్యం వహించాడు. 1995లో ఫుల్ థ్రాటిల్‌కు ఒక్కడే దర్శకుడు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు జానపద విజ్ఞాన తరగతుల్లో మృతుల పండుగ గురించి విన్న సంగతులు అతడి మనసులో చాలాకాలం నిలిచిపోయాయి. వాటిలో ఒకటి శవపేటికలో డబ్బు పెట్టే ఆచారం. ఒక సంచీ కనబడేలా, ఇంకొకటి దాచిపెట్టి పంపుతారట. ఆ లోకంలో దొంగలుంటేనే కదా దాచవలసింది? దొంగలున్నచోట నేరం, నేరం ఉన్నచోట నేరకథ. మృతుల లోకాన్ని పాత నేరచిత్రాలతో కలిపిన ముడి ఈ ఆలోచనతోనే పడింది.

ఆజ్‌టెక్ విశ్వాసంలో సామాన్యంగా మరణించినవారు వెళ్లేది మిక్ట్లాన్. అది తొమ్మిది అంతస్తుల పాతాళం. అక్కడ విశ్రాంతి పొందడానికి నాలుగేళ్లు పడుతుంది. ఢీకొనే కొండలు, కత్తుల్లా కోసే గాలులు దాటాలి. ఒక నదిని కుక్క సాయంతో దాటాలి. ఆటలోని నాలుగేళ్లు, తొమ్మిదో లోకం ఇక్కడి నుంచే వచ్చాయి. కాని ఆజ్‌టెక్ ప్రజల లెక్కలో పరలోక గతిని నిర్ణయించేది ప్రవర్తన కాదు, మరణించిన తీరు. యుద్ధంలో పోయినవారు, ప్రసవంలో పోయిన స్త్రీలు సూర్యుడి వెంట వెళ్తారు. నీట మునిగినవారు వానదేవుడి లోకానికి వెళ్తారు. పాపపుణ్యాల తూకం క్రైస్తవం తెచ్చినది. ఆట ఈ రెంటినీ కలిపింది. అలా చూస్తే మెక్సికో పండుగ స్వభావానికి అది దగ్గరగానే ఉంది, ఎందుకంటే ఆ పండుగ కూడా పాత నమ్మకాలు, కాథలిక్ ఆచారాలు కలిసి ఏర్పడినదే. యునెస్కో దాన్ని 2008లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

పండుగ వస్తువులు పాత్రల పేర్లుగానూ వచ్చాయి. కోపల్ పండుగలో వేసే ధూపం, ఒఫ్రెండా చనిపోయినవారి కోసం ఇంట్లో పేర్చే నైవేద్యాల పీఠం. రూపం విషయంలో ముఖ్యమైన ఆధారం కాగితపు గుజ్జుతో చేసే అస్థిపంజరపు బొమ్మలు. వీటిలో అస్థిపంజరాలు పెళ్లి చేసుకుంటాయి, గిటారు వాయిస్తాయి, కొట్లో కూర్చుని బేరం చేస్తాయి. 1913లో మరణించిన ముద్రణా చిత్రకారుడు హోసే గ్వాడలూపే పొసాదా చెక్కిన పుర్రెల బొమ్మలు మెక్సికోలో ఈ సంప్రదాయాన్ని ఇంటింటికీ చేర్చాయి. భవనాల్లో ఆర్ట్ డెకో శైలిని ఆజ్‌టెక్ దేవాలయాల మెట్లతో కలిపి గీశారు. గ్లాటిస్ ఆకారం మీద, అతడి వాహనాల మీద 1960ల నాటి హాట్‌రాడ్ కార్ల చిత్రకారుడు ఎడ్ రాత్ ప్రభావం ఉంది. కథనంలో డబుల్ ఇండెమ్నిటీ, కాసాబ్లాంకా, ద మాల్టీస్ ఫాల్కన్ వంటి చిత్రాల నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదట ఈ ఆటకు డీడ్స్ ఆఫ్ ద డెడ్ అని పేరు పెట్టాలనుకున్నారు, సంస్థ ఒప్పుకోలేదు.

ఎముకల సౌలభ్యం

1990ల మధ్యలో మూడు కొలతల బొమ్మలను కంప్యూటర్‌లో కదిలించడం కొత్త విద్య. ఒక ముఖానికి కేటాయించగల ఉపరితలాలు చాలా తక్కువ. చర్మం, జుట్టు, బట్ట మడతలు అన్నీ మొరటుగా వచ్చేవి. ఆనాటి ఆటల్లో మనుషుల ముఖాలు ఇప్పుడు చూస్తే జాలి పుడుతుంది. షేఫర్ బృందం ఈ లోపాన్ని దాచడానికి ప్రయత్నించలేదు, అది లోపంగా కనబడని విషయాన్ని ఎంచుకుంది. కాగితపు గుజ్జు బొమ్మలో ఎముకలు వేరువేరుగా చెక్కి ఉండవు. ఒక గొట్టంలాంటి ఒంటి మీద పక్కటెముకలను రంగుతో గీస్తారు. కంప్యూటర్ బొమ్మ తయారయ్యే పద్ధతీ అదే. సాదా ఆకారం మీద చిత్రాన్ని చుట్టడమే. అందుకే 25 ఏళ్లు దాటినా మానీ ముఖం పాతబడలేదు. రెండు కనుగుంటలు, ఒక నోరు. కనుబొమలుగా గీసిన రెండు గీతల కదలికతో వ్యంగ్యం, బాధ, అనుమానం అన్నీ పలుకుతాయి. ఆటను గురించి చెప్పవలసిన ఒక్క విషయం చెప్పమంటే ఇదే చెప్పాలి: సాంకేతిక పరిమితి, జానపద కళ, కథా వస్తువు ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసినట్టు అమరాయి.

దీనికి విరుద్ధంగా బతికున్నవారి లోకాన్ని చూపే క్షణాలు చాలా తక్కువ. అక్కడ మనుషులు పత్రికల్లోంచి కత్తిరించి అతికించినట్టు వికారంగా, వంకరగా కనిపిస్తారు. మృతులకు మనం అలాగే కనబడతాం కాబోలు.

ఇంజిన్, లువా భాష

లూకాస్‌ఆర్ట్స్ అడ్వెంచర్ గేముల్లో దాదాపు అన్నిటికీ అప్పటిదాకా ఆధారం స్కమ్ అనే ఇంజిన్, అంటే ఆటను నడిపించే మూల ప్రోగ్రాము. అది రెండు కొలతల బొమ్మల కోసం తయారైనది. గ్రిమ్ ఫాండాంగో కోసం ప్రధాన ప్రోగ్రామర్ బ్రెట్ మోగిలెఫ్‌స్కీ కొత్త ఇంజిన్ నిర్మించాడు. దాని పేరు గ్రైమ్. నేపథ్యాలు ముందుగానే చిత్రించి పెట్టిన కదలని దృశ్యాలు, వాటి మీద పాత్రలు మాత్రం అప్పటికప్పుడు మూడు కొలతల్లో గీయబడతాయి. కెమెరా కదలదు, కోణం మారాలంటే దృశ్యం మారుతుంది. ఈ నిబంధన వల్ల ప్రతి గదినీ సినిమా షాట్‌లా కూర్చే అవకాశం చిత్రకారులకు దక్కింది. పై నుంచి కిందికి చూసే మెట్ల వరస, కిటికీ తెరల చారల నీడ, దూరంగా చిన్నగా నడిచే మానీ, ఇవన్నీ నేరచిత్రాల ఛాయాగ్రహణపు పాఠాలే.

పాత్రల ప్రవర్తనను, పజిళ్ల తర్కాన్ని రాయడానికి మోగిలెఫ్‌స్కీ ఎంచుకున్నది లువా. ఇది బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో 1993లో రొబెర్తో ఇయెరుసలిమ్‌స్కీ, లూయిజ్ హెన్రికే డి ఫిగెయ్‌రేదో, వాల్దెమార్ సెలెస్ తయారు చేసిన చిన్న ప్రోగ్రామింగ్ భాష. 1996 డిసెంబరులో డాక్టర్ డాబ్స్ జర్నల్‌లో దాని గురించి వ్యాసం వచ్చింది. అది చదివి అతడు ఆ భాషను తెచ్చుకున్నాడు. వీడియో గేముల రంగంలో ఆ భాష పేరు వ్యాపించడానికి గ్రిమ్ ఫాండాంగో ముఖ్యకారణం. తర్వాతి సంవత్సరాల్లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ సహా ఎన్నో ఆటలు దాన్ని వాడాయి. గ్రైమ్ ఇంజిన్‌తో వచ్చిన రెండో ఆట 2000లో విడుదలైన ఎస్కేప్ ఫ్రమ్ మంకీ ఐలాండ్. అందులో, మంకీ ఐలాండ్ ఆటల్లో పాత ఇంజిన్ పేరున ఉండే స్కమ్ బార్ అనే మద్యశాలను లువా బార్‌గా మార్చి కృతజ్ఞత చెప్పుకున్నారు.

ఆట తీరు

అప్పటి అడ్వెంచర్ గేములు మౌస్‌తో నడిచేవి. తెర మీద వస్తువును నొక్కి, ఏం చేయాలో క్రియాపదాన్ని ఎంచుకోవాలి. గ్రిమ్ ఫాండాంగోలో కర్సర్ లేదు, క్రియల పట్టీ లేదు, తెర మీద ఏ బొత్తామూ లేదు. మానీని కీబోర్డుతో నడిపిస్తారు. ఆసక్తి గల వస్తువు దగ్గరకు రాగానే అతడి తల అటు తిరుగుతుంది, అదే సూచన. వస్తువుల జాబితా కూడా ఉండదు. మానీ కోటు లోపల చెయ్యి పెట్టి ఒక్కొక్క వస్తువునూ బయటికి తీస్తాడు. మడిచి దాచుకున్న కొడవలి కూడా అక్కడే ఉంటుంది. తెరను సినిమా ఫ్రేములా ఖాళీగా ఉంచాలన్న పట్టుదల ఇందులో కనిపిస్తుంది.

ఉద్దేశం గొప్పదే, ఆచరణ మాత్రం ఇబ్బందిపెట్టింది. నడక యుద్ధ ట్యాంకు పద్ధతిలో ఉంటుంది. ఎడమ మీట నొక్కితే మానీ ఎడమకు వెళ్లడు, నిలబడ్డచోటే ఎడమకు తిరుగుతాడు. దృశ్యం కోణం మారినప్పుడు దిక్కు గందరగోళం కాకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది, కాని గోడలకు రాసుకుంటూ నడవడం తప్పదు. కోటులో పది వస్తువులున్నప్పుడు కావలసినదాని కోసం ఒక్కొక్కటే తీసి చూడటమూ విసుగే. కొన్ని పజిళ్ల తర్కం ఆటగాడికి అందదు. శిలాజ అరణ్యంలో దారి చూపే స్తంభం, చెట్ల యంత్రం బరువులు సరిచేసే పజిల్ దీనికి తరచూ చెప్పే ఉదాహరణలు. రెండో అంకంలో కదులుతున్న లిఫ్టులో ఫోర్క్‌లిఫ్ట్‌ను సరిగ్గా అంతస్తుల మధ్య ఆపవలసిన చోట, తర్వాతి కాలపు వేగవంతమైన కంప్యూటర్లలో అది అసాధ్యమైపోయింది, సవరణ ప్యాచ్ కావలసి వచ్చింది.

లూకాస్‌ఆర్ట్స్ ఆటలకు ఒక పాత నియమం ఉంది. ఆటగాడు ఏం చేసినా నాయకుడు చనిపోకూడదు, ముందుకు దారి మూసుకుపోకూడదు. మృతుల లోకంలోనూ ఆ నియమం పాటించారు. దీనివల్ల ఆటగాడు భయం లేకుండా ప్రతి పాత్రతోనూ తీరిగ్గా మాట్లాడతాడు. ఆట అసలు సంపద ఆ సంభాషణల్లోనే ఉంది.

గాత్రం, సంగీతం

మానీకి గొంతునిచ్చిన టోనీ ప్లానా క్యూబాలో పుట్టిన నటుడు. అలసట, చమత్కారం, దాచుకున్న మర్యాద కలిసిన అతడి పలుకు లేకుండా ఆ పాత్రను ఊహించలేం. మెచేకు మరియా కనాల్స్, గ్లాటిస్‌కు అలన్ బ్లుమెన్‌ఫెల్డ్, సాల్వడార్‌కు సాల్ లోపెజ్ గాత్రదానం చేశారు. లాటినో పాత్రలకు లాటినో నటులనే ఎంచుకోవడం ఆనాటి గేముల పరిశ్రమలో చాలా అరుదు. వారు ఆంగ్ల సంభాషణ మధ్య స్పానిష్ మాటలను సహజంగా పలికారు. ఒక పరాయి దేశపు పండుగను తీసుకున్న అమెరికన్ ఆట అయినా, వేళాకోళంగా దిగజారకపోవడానికి ఈ నటుల వంతు చాలా ఉంది.

పీటర్ మెకానెల్ సంగీతంలో జాజ్, స్వింగ్, మెక్సికో మరియాచీ బాణీలు, పాత సినిమాల వాద్యగోష్ఠి పక్కపక్కనే వినిపిస్తాయి. రుబకావాలో ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్లినంత మాత్రాన సాక్సఫోన్ మూడ్ మారుతుంది. ఈ ఆట ఒక పాటలాగే గుర్తుండిపోవడానికి కారణం ఈ సంగీతమే.

ఆదరణ, అమ్మకాలు

1998 చివరి నెలల్లో హాఫ్-లైఫ్, ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఓకరినా ఆఫ్ టైమ్ వంటి ఆటలు వచ్చాయి. అంత పోటీలోనూ గేమ్‌స్పాట్ ఆ ఏడాది ఉత్తమ పీసీ గేమ్‌గా గ్రిమ్ ఫాండాంగోను ఎంచుకుంది. దృశ్యరచన, రచన, నటన, సంగీతం అన్నిటికీ ప్రశంసలు వచ్చాయి, విమర్శంతా నియంత్రణ పద్ధతి మీదే. అమ్మకాలు మాత్రం ఆశలకు చాలా దిగువన ఉండిపోయాయి. 2003 నాటికి ఉత్తర అమెరికా దుకాణాల్లో లక్ష ప్రతులు కూడా అమ్ముడుపోలేదు.

అడ్వెంచర్ గేము అనే శాఖ చనిపోవడానికి ఈ ఆటే కారణమన్న మాట చాలాకాలం ప్రచారంలో ఉంది. అది న్యాయం కాదు. అప్పటికే మార్కెట్టు తుపాకీ ఆటల వైపు, కన్సోళ్ల వైపు మళ్లింది, అడ్వెంచర్ గేము తయారీ ఖర్చు మాత్రం పెరుగుతూ వచ్చింది. లూకాస్‌ఆర్ట్స్ 2000 తర్వాత కొత్త అడ్వెంచర్ గేము విడుదల చేయలేదు, తయారవుతున్న సామ్ అండ్ మాక్స్ ఆటను 2004లో రద్దు చేసింది. షేఫర్ 2000లో సంస్థను వదిలి శాన్‌ఫ్రాన్సిస్కోలో డబుల్ ఫైన్ ప్రొడక్షన్స్ స్థాపించాడు. ఆ సంస్థ తొలి ఆట సైకోనాట్స్ 2005లో వచ్చింది. గ్రిమ్ ఫాండాంగో పదేళ్ల సందర్భంగా 2008లో షేఫర్, 1996 నాటి పజిళ్ల రూపకల్పన పత్రాన్ని అందరికీ అందుబాటులో పెట్టాడు. ఆటల రచన నేర్చుకునేవారికి అది ఈనాటికీ విలువైన పాఠ్యం. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2012లో వీడియో గేములను సేకరించడం మొదలుపెట్టినప్పుడు, సంపాదించదలచిన ఆటల్లో ఒకటిగా దీని పేరు ప్రకటించింది.

మృతుల పండుగను, ఆ లోకాన్ని తెర మీద చూపిన ద బుక్ ఆఫ్ లైఫ్ 2014లో, పిక్సార్ చిత్రం కోకో 2017లో వచ్చాయి. కోకోలోనూ మృతులకు కార్యాలయాలు, క్యూలు, అనుమతి పత్రాలు ఉన్నాయి. ఆ ఊహను ఆట దాదాపు 20 ఏళ్ల ముందే, మరింత చేదుగా చూపింది.

సంరక్షణ, పునర్విడుదల

కొత్త కంప్యూటర్లలో పాత సీడీలు సరిగా నడిచేవి కావు, ఆట చాలా ఏళ్లు దుకాణాల్లోనూ దొరకలేదు. ఆ కాలంలో దాన్ని బతికించినది అభిమానులే. మూల ఇంజిన్‌ను తిరగరాసి ఆధునిక యంత్రాల మీద నడిపించే రెసిడ్యువల్‌వీఎమ్ అనే ఉచిత ప్రోగ్రాము తయారైంది. 2020లో అది స్కమ్‌వీఎమ్ ప్రాజెక్టులో కలిసింది. మౌస్‌తో ఆడుకునే మార్పును కూడా ముందు ఒక అభిమానే తయారు చేశాడు.

2012లో లూకాస్‌ఫిల్మ్‌ను డిస్నీ కొన్నది, 2013 ఏప్రిల్‌లో లూకాస్‌ఆర్ట్స్‌లో ఆటల తయారీ ఆగిపోయింది. హక్కుల విషయంలో డబుల్ ఫైన్‌కు డిస్నీతో, సోనీతో కుదిరిన ఒప్పందం వల్ల 2014 జూన్‌లో పునర్విడుదల ప్రకటన వెలువడింది. డబుల్ ఫైన్ తయారు చేసిన గ్రిమ్ ఫాండాంగో రీమాస్టర్డ్ 2015 జనవరి 27న ప్లేస్టేషన్ 4, వీటా, విండోస్, మాక్, లినక్స్‌లకు వచ్చింది. పాత్రల మీది చిత్రాలు మెరుగుపడ్డాయి, వెలుగునీడలు కొత్తగా లెక్కించారు. నేపథ్యాలు మాత్రం మూల రూపంలోనే ఉన్నాయి. సంగీతాన్ని మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రాతో మళ్లీ రికార్డు చేయించారు. అభిమాని చేసిన మౌస్ పద్ధతికి అధికారికంగా చోటిచ్చారు, కావాలనుకున్నవారి కోసం ట్యాంకు నడకనూ ఉంచారు. తయారీదారుల వ్యాఖ్యానాన్ని ఆట మధ్యలోనే వినవచ్చు. అదే ఏడాది మొబైల్ ఫోన్లకు, 2018లో నింటెండో స్విచ్‌కు, 2020లో ఎక్స్‌బాక్స్ వన్‌కు ఈ కూర్పు చేరింది.